పదిహేను డిగ్రీలు

మోహన్‌కృష్ణ అంగడి మెట్లెక్కి లోపలికి వచ్చినప్పుడు మునిశేఖర్ ఒక పంతులమ్మ కళ్ళజోడుకు మర బిగిస్తున్నాడు. తలెత్తి చూశాడు. చేతిలోని సన్నటి స్క్రూడ్రైవరు జారి గాజు బల్ల మీద పడింది. ఆ ముఖాన్ని అతను రెండేళ్ళుగా ఒక్క రోజు కూడా మరిచిపోలేదు. ఆ ముఖం మాత్రం అతన్ని గుర్తుపట్టలేదు.

గుర్తుపట్టకపోవడంలో వింత లేదు. తిరుపతి బయట, రేణిగుంట దారిలో మోహన్‌కృష్ణ మేనేజరుగా ఉన్న వినోద పార్కులో ఎనభై మంది పనిచేసేవాళ్ళు. నీలం చొక్కా వేసుకుని టోపీ పెట్టుకుంటే మేనేజరు కంటికి అందరూ ఒకటే. పైగా అప్పుడు మునిశేఖర్‌కు గడ్డం లేదు. ఇప్పుడుంది.

పార్కులో అతను నాలుగేళ్ళు పనిచేశాడు. చివరి రెండేళ్ళు రోలర్ కోస్టర్ ఆపరేటరు. దాన్ని పనివాళ్ళు పెద్ద రైలు అనేవాళ్ళు. జనాన్ని కూర్చోబెట్టడం, భుజాల మీది కడ్డీలు దించి ఒక్కొక్కటీ లాగి చూడడం, ఆకుపచ్చ బటను నొక్కడం, ఇదీ పని. ఇందులో ఏ తంటా లేదు. తంటా అంతా కళ్ళద్దాల దగ్గరే వచ్చేది.

పెద్ద రైలు వరస మొదట్లో ఒక బోర్డుండేది. కళ్ళద్దాలు నిషేధం అని దాని మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది. టికెట్టు వెనక మాత్రం తాడుతో తలకు కట్టుకున్న కళ్ళద్దాలకు అనుమతి ఉందని అచ్చువేశారు. గేటు దగ్గరి పెద్ద బోర్డేమో కళ్ళద్దాలు ఎవరి బాధ్యత వాళ్ళదే అనేది. ఈ మూడింటినీ చదివినవాళ్ళు వచ్చి మునిశేఖర్‌తో తగాదా పెట్టుకునేవాళ్ళు. అతను మేనేజరును అడిగేవాడు. మోహన్‌కృష్ణ జవాబు రోజుకొక రకంగా ఉండేది. బడిపిల్లలు బస్సుల్లో వస్తే అద్దాలన్నీ తీయించమనేవాడు. ఆదివారం జనం ఎక్కువైతే వాకీటాకీలో, అద్దాల సంగతి వదిలేయ్, బండి తిప్పు అని కేకవేసేవాడు. ఒకసారి మునిశేఖర్ ధైర్యం చేసి, ఏదో ఒకటి కాగితం మీద రాసివ్వండి సార్, దాని ప్రకారమే చేస్తాను అన్నాడు. రాసిచ్చేదానికి ఇదేమన్నా కోర్టా అని మేనేజరు నవ్వాడు. పక్కనున్న వాళ్ళు కూడా నవ్వారు.

ఆ తర్వాత ఒక శనివారం పార్కు యజమాని చుట్టం ఒకాయన వచ్చాడు. చుట్టూ నలుగురు మనుషులు, ముందు నడుస్తూ మోహన్‌కృష్ణ. ఆయన మొదటి సీట్లో కూర్చున్నాడు. ముక్కు మీద నిలిచీ నిలవనట్టుండే, ఫ్రేము లేని అద్దాలు. మునిశేఖర్ వంగి, అద్దాలు తీసి ఇస్తే భద్రంగా పెడతానని మర్యాదగా చెప్పాడు. చుట్టం మేనేజరు వైపు చూశాడు. మోహన్‌కృష్ణ వరసలో ఉన్న రెండు వందల మంది వినేలా అన్నాడు.

"ఎవురిని అడగాలో, ఎవురిని అడక్కూడదో తెలీదా నీకు? బటను నొక్కు."

మునిశేఖర్ నొక్కాడు.

రెండో మలుపులో బండి తలకిందులైనప్పుడు ఆ అద్దాలు ఎగిరాయి. మూడో వరసలో కాణిపాకం నుంచి వచ్చిన గీతాంజలి అనే పిల్ల ఉంది. నర్సింగు చదువుతోంది, స్నేహితురాళ్ళతో వచ్చింది. అద్దం అంచు ఆమె కనుబొమ కింద దిగింది. బండి ఆగేసరికి తెల్ల చున్నీ అంతా నెత్తురు. ఆరు కుట్లు పడ్డాయి. కన్ను నువ్వుగింజంత దూరంలో తప్పిందని డాక్టర్లు చెప్పారు.

ఆ సాయంత్రం పోలీసు స్టేషనులో మునిశేఖర్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. భార్య లీలావతి, ఏడేళ్ళ కూతురు గోడకు ఆనుకుని నిలబడ్డారు. మోహన్‌కృష్ణ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. బోర్డు ఫోటో చూపించాడు. కళ్ళద్దాలు నిషేధం అని స్పష్టంగా రాసిపెట్టామని, ఆపరేటరే ఖాతరు చేయలేదని రాయించాడు. తర్వాత ఎస్సై వైపు తిరిగి, ఎంతో బాధపడుతున్న మనిషిలాగా తల ఊపాడు.

"ఎన్ని తూర్లు చెప్పినా వినడు సార్."

చుట్టం పేరు ఏ కాగితంలోనూ లేదు. అద్దాలు ఎవరివో తెలియదని రాసుకున్నారు. గీతాంజలి తండ్రి కుప్పయ్య, గుడి దగ్గర పూలు అమ్ముకునే మనిషి, ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి మునిశేఖర్ చెంప మీద కొట్టాడు. ఒకసారి కాదు, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాడు. మునిశేఖర్ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆయన కొట్టడం న్యాయమే అనిపించింది. కాకపోతే ఆ దెబ్బలు తనవి కావు. ఆ దెబ్బలు తినాల్సిన మనిషి తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. కూతురు ఏడుస్తోంది.

పేపర్లో ఫోటో పడింది. నిర్లక్ష్యం కింద కేసు పెట్టారు. ఆ కేసు ఇప్పటికీ తిరుపతి కోర్టులో వాయిదాల మీద నడుస్తోంది. ఇంకే పార్కూ, ఏ ఫ్యాక్టరీ అతన్ని తీసుకోలేదు. లీలావతి పుట్టిల్లు చిత్తూరు కాబట్టి అక్కడికి చేరారు. మామ ద్వారా, బజారు వీధిలో కళ్ళద్దాల అంగడి నడిపే యోగానంద దగ్గర పని దొరికింది.

యోగానందకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. నలభై ఏళ్ళుగా అదే అంగడి. చేతులు వణకడం మొదలయ్యాక అద్దాలు అంచు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టే పని కష్టమైంది. మునిశేఖర్ కథ విన్నాడు. పేపరు ముక్క కూడా చూశాడు. మరునాడు అతని ముందు ఒక అద్దం పెట్టి పని నేర్పడం మొదలుపెట్టాడు. ఆరు నెలల్లో మునిశేఖర్ చెయ్యి తిరిగింది. మామూలు అద్దాలు సులువే. సిలిండర్ పవరుండే అద్దాలతోనే జాగ్రత్త. వాటికి నంబరుతో పాటు ఒక దిక్కు ఉంటుంది. డాక్టరు చీటీలో యాక్సిస్ అని డిగ్రీల్లో రాస్తాడు. అద్దాన్ని సరిగ్గా ఆ దిక్కుకే తిప్పి బిగించాలి.

"నంబరు తప్పితే కంటికి ఎంటనే తెలిసిపోతాది. దిక్కు రొంత తప్పితే తెలీదు నాయనా," అని చెప్పాడు యోగానంద మొదటి రోజుల్లో. "నేల ఒక పక్కకు వాలినట్టుంటాది, తల తిరగతాది. మనిషి తన వొంట్లోనే ఏదో రోగం ఉండాదనుకుంటాడు. అద్దాన్ని అనుమానించడు. అందుకే మనం భయంతో పనిచెయ్యాల."

ఆ మాట మునిశేఖర్ ఎంతో శ్రద్ధగా నేర్చుకున్నాడు.

ఇప్పుడు మోహన్‌కృష్ణ డాక్టరు చీటీ బల్ల మీద పెట్టాడు. అత్తగారిల్లు చిత్తూరేనని, కళ్ళ డాక్టరు వాళ్ళ చుట్టమని, ఇన్నాళ్ళూ అద్దాలు లేకుండా మొండిగా గడిపేశానని, ఈమధ్య తలనొప్పి జాస్తి అయిందని చెప్పుకొచ్చాడు. రెండు కళ్ళకూ సిలిండరు పవరు రెండు. మునిశేఖర్ ఫ్రేములు చూపించాడు, ముక్కు కొలత, కళ్ళ మధ్య దూరం తీశాడు. చూపుడువేలు మేనేజరు కణతకు తగిలినప్పుడు చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"నిన్ను యాడో చూసినట్టు ఉండాదప్పా," అన్నాడు మోహన్‌కృష్ణ.

"ఈ అంగట్లోనే చూసుంటారు సార్," అన్నాడు మునిశేఖర్.

అంతటితో వదిలేసి ఉండవచ్చు. చీటీ తీసుకుని, అద్దాలు సరిగ్గా చేసి ఇచ్చి, ఆ రాత్రి లీలావతికి చెప్పి ఇద్దరూ కాసేపు తిట్టుకుని పడుకునేవాళ్ళేమో. కానీ బిల్లు రాస్తుండగా మోహన్‌కృష్ణ తాను ఫలానా పార్కుకు మేనేజరునని, పిల్లల్ని తీసుకుని రమ్మని గొప్పగా చెప్పాడు. మునిశేఖర్ పెన్ను ఆపి అడిగాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళను మీ పెద్ద రైలు ఎక్కనిస్తారా అని.

మోహన్‌కృష్ణ నవ్వాడు. కోర్టా అని అడిగినప్పటి నవ్వే.

"అది ఎక్కేవాళ్ళను బట్టి ఉంటాదప్పా."

అంటే ఏమీ మారలేదు. ఒక పిల్ల కనుబొమ కింద ఆరు కుట్లు పడ్డాయి, ఒక మనిషి బతుకు తిరగబడింది, ఆ బోర్డులూ ఆ టికెట్టు రాతా అట్లాగే ఉన్నాయి, ఈ నవ్వూ అట్లాగే ఉంది. మునిశేఖర్ బిల్లు చింపి ఇచ్చి, గురువారం రండి సార్ అన్నాడు.

తయారైన ప్రతి జోడునూ యోగానంద తన చేత్తో, అద్దాల పవరూ దిక్కూ కొలిచే లెన్సోమీటరు కింద పెట్టి చూసిన తర్వాతే పెట్టెలో వేసేవాడు. ఆ బుధవారం ఆయన మనవరాలి చెవులు కుట్టించడానికి కాణిపాకం వెళ్ళాడు, శుక్రవారం దాకా రాడు. మునిశేఖర్ అద్దాలకు చుక్కలు పెట్టాడు. సరైన దిక్కుకు ఒక గీత గీశాడు. తర్వాత ఆ గీత చెరిపి, కుడి అద్దాన్ని ఒక వైపు పదిహేను డిగ్రీలు, ఎడమ అద్దాన్ని ఇంకో వైపు పదిహేను డిగ్రీలు తిప్పి బిగించాడు. అంచులు ఎంత నున్నగా వచ్చాయంటే, ఆ అంగట్లో తాను చేసిన జోళ్ళన్నింటిలోనూ అదే అందమైనదని అతనికే అనిపించింది. చేతులు కొంచెం కూడా వణకలేదు.

గురువారం మోహన్‌కృష్ణ అవి పెట్టుకుని వీధిలోకి చూశాడు. మెట్లు పక్కకు వాలినట్టున్నాయన్నాడు. మొదటిసారి అద్దాలు పెట్టుకునేవాళ్ళకు అట్లాగే ఉంటుందని, పది రోజుల్లో అలవాటవుతుందని, తీయకుండా పెట్టుకోవాలని మునిశేఖర్ చెప్పాడు. మోహన్‌కృష్ణ మెట్టు దిగేటప్పుడు కాలితో ముందు తడిమి చూసుకున్నాడు. మునిశేఖర్ లోపలికి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగాడు. అంత చల్లటి నీళ్ళు ఈ రెండేళ్ళలో తాగలేదనిపించింది.

పన్నెండో రోజు ఫోను వచ్చింది. తల పగిలిపోతోందట, కడుపులో తిప్పుతోందట. మధ్యాహ్నం రెండు గంటలకు రమ్మన్నాడు మునిశేఖర్. ఆ వేళ యోగానంద ఇంట్లో కునుకు తీస్తాడు. మోహన్‌కృష్ణ ఎదురుగానే అద్దాలను లెన్సోమీటరు కింద పెట్టి, చీటీ పక్కన పెట్టుకుని, చాలాసేపు చూసినట్టు చూశాడు.

"పవరు కరెక్టుగా ఉండాది సార్. నరాలదేమో. వేలూరు పోయి తలకాయ డాక్టరుకు చూపించుకోండి."

మోహన్‌కృష్ణ వేలూరు వెళ్ళాడు. తల స్కానింగు తీయించాడు. తల తిరగకుండా మాత్రలు రాసిచ్చారు. ఆ మాత్రలకు నిద్ర ముంచుకొస్తుందని, ఆఫీసు బల్ల మీద తల వాల్చి పడుకుంటున్నానని తానే ఫోనులో చెప్పుకున్నాడు. ఇప్పుడతనికి మునిశేఖర్ కష్టం చెప్పుకునే మనిషయ్యాడు. మునిశేఖర్ ఓపికగా వినేవాడు. మీకు బాగైపోతుంది సార్, అద్దాలు మాత్రం తీయొద్దు అనేవాడు. ఫోను పెట్టేశాక మునివేళ్ళతో బల్ల మీద తాళం వేసుకునేవాడు. ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. కూతురికి లెక్కలు చెప్పేవాడు. ఏమైంది మీకు, మొగంలో కళ వచ్చింది అని లీలావతి అడిగింది. పని బాగుంది అన్నాడు.

నలభయ్యో రోజు ముందుగా చెప్పకుండా, ఉదయం పదకొండింటికే వచ్చేశాడు మోహన్‌కృష్ణ. బావమరిది చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాడు. మనిషి సగమయ్యాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. యోగానంద కుర్చీలోనే ఉన్నాడు.

మోహన్‌కృష్ణ స్టూలు మీద కూలబడి అంతా చెప్పాడు. ప్రతి సోమవారం తెరిచేముందు పెద్ద రైలును ఖాళీగా తిప్పి, మేనేజరు పై మెట్ల దాకా ఎక్కి పట్టాలు చూడాలి. పోయిన వారం సగం ఎక్కేసరికి నేల పక్కకు జరిగిపోయింది. కడ్డీ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయి వాంతి చేసుకున్నాడు. ఇద్దరు ఆపరేటర్లు రెక్కలు పట్టి దించారు. కింద పనివాళ్ళంతా చూశారు, ఎవడో నవ్వాడు. యజమాని పిలిచి, నీకు ఆరోగ్యం బాగాలేదు, రైడ్ల సంగతి ఇంకొకరు చూసుకుంటారు, నువ్వు బండ్లు నిలిపే చోట చూడు అన్నాడు. పదకొండేళ్ళ ఉద్యోగం.

మునిశేఖర్ ఒక్కొక్క మాటా లోపల దాచుకుంటూ విన్నాడు. ఎవడో నవ్వాడు అన్నచోట గుండెలో ఏదో తీయగా కదిలింది. ఇంతకన్నా తాను కోరుకున్నది లేదు.

"ఆ అద్దాలు ఇట్లా ఇయ్యండి," అన్నాడు యోగానంద.

మునిశేఖర్ చెయ్యి చాచేలోపే ఆయన అందుకున్నాడు. లెన్సోమీటరు కింద పెట్టి కన్ను ఆనించాడు. చీటీ చూశాడు. మళ్ళీ కన్ను ఆనించాడు. రెండో అద్దం చూశాడు. ఒకటి అటు పదిహేను, ఒకటి ఇటు పదిహేను. చేతి పొరపాటు అయితే అట్లా కొలిచినట్టు రాదు. నలభై ఏళ్ళ పనివాడికి అది తెలియదా? ఆయన తలెత్తి ఒక్కసారి మునిశేఖర్ వైపు చూశాడు. తర్వాత చూపు తిప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మోహన్‌కృష్ణతో అన్నాడు.

"దిక్కు తప్పింది సార్. మీ వొంట్లో ఏ రోగమూ లేదు. తప్పు నాది. సూసి ఇయ్యాల్సింది నేను, సూడలేదు. ఇప్పుడే కొత్తవి చేసిస్తాను."

మోహన్‌కృష్ణకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. వేలూరు, స్కానింగు, మాత్రలు, పార్కులో పోయిన పరువు అన్నీ ఆ ముసలాయన మీద కుమ్మరించాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎదురంగడి బట్టల వ్యాపారి బయటికి వచ్చాడు.

"చేతులు వణికే ముసలోడివి, కండ్లు కనపడనోడివి, నీకేంటికి ఈ అంగడి? మూసేసి ఇంట్లో పండుకో."

యోగానంద చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నిజంగానే వణుకుతున్నాయి. ఆయన తల దించుకుని, మన్నించండి సార్ అన్నాడు.

మునిశేఖర్ బల్ల వెనక నిలబడి ఉన్నాడు. తప్పు చేసినవాడు బల్ల వెనక హాయిగా నిలబడ్డాడు, చెయ్యనివాడు నలుగురి ముందు తల దించాడు. స్టేషనులో తలుపు దగ్గర ఫోను చూసుకుంటూ నిలబడ్డవాడి చోటు ఇప్పుడు తనది. అది అతనికి తెలిసింది. అయినా మాట రావడానికి ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషం పాటు అతను గమ్మున ఉండి చూశాడన్నది నిజం.

"ఆయన కాదు. నేను చేసినాను. తెలిసే చేసినాను," అన్నాడు.

మోహన్‌కృష్ణ తిరిగి చూశాడు.

"నేను మునిశేఖర్‌ను. మీ పెద్ద రైలు ఆపరేటరును. ఎన్ని తూర్లు చెప్పినా వినడు సార్ అన్నారే, వాణ్ణి."

మేనేజరు కళ్ళు చిట్లించాడు. గడ్డం వెనక ముఖాన్ని వెతుక్కున్నాడు. దొరికినట్టుంది, రంగు మారింది. బావమరిది చొక్కా పట్టుకోబోయాడు. పోలీసులను పిలుస్తానని మోహన్‌కృష్ణ ఫోను తీశాడు.

"పిలవండి," అన్నాడు మునిశేఖర్. "పోయిన తూరి మీరు మాట్లాడినారు, నేను విన్నాను. ఈ తూరి నేను మాట్లాడతాను. మొదటి సీట్లో ఎవురు కూర్చున్నారో, నన్ను బటను నొక్కమని ఎవురు చెప్పినారో గూడా చెప్తాను. రాసుకోనీ."

మోహన్‌కృష్ణ వేలు ఫోను మీద ఆగింది. వచ్చే నెల వాయిదాకు మొదటి సాక్షి అతనే. బావమరిది, ఏం బావా, ఏమంటున్నాడు వీడు అని అడుగుతున్నాడు. మోహన్‌కృష్ణ ఫోను జేబులో పెట్టుకున్నాడు. అద్దాలు బల్ల మీదే వదిలేసి, మెట్ల దగ్గర బావమరిది భుజం మీద చెయ్యి వేసి దిగిపోయాడు.

యోగానంద కొత్త అద్దాలు తీసుకుని యంత్రం ముందు కూర్చున్నాడు. మునిశేఖర్ ముందుకు వస్తే, చెయ్యి అడ్డంగా ఊపాడు. నలభై నిమిషాల పనికి ఆయనకు మూడు గంటలు పట్టింది. ఒక అద్దం అంచు పగిలింది, ఇంకొకటి తీసుకున్నాడు. ఆ మూడు గంటలూ మునిశేఖర్ మూల నిలబడే ఉన్నాడు. జోడు పెట్టెలో పెట్టి, చీటీ మీద అడ్రసు రాసి, ఎదురంగడి మనిషి చేత మోహన్‌కృష్ణ అత్తగారింటికి పంపాడు. అప్పుడు మాట్లాడాడు.

"వాడు నీకు చేసింది నాకు తెలుసు. నీ మీద నాకు కోపం లేదు నాయనా. కానీ రేపటి నుంచి నీ చేతి కింద ఇంకొకరి కండ్లు పెట్టలేను. నువ్వు రావద్దు."

మునిశేఖర్ ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే, కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

తర్వాతి నెల నుంచి మామిడి కాలం. మునిశేఖర్ బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. తిరుపతి వాయిదాకు మోహన్‌కృష్ణ రాలేదు, ఒంట్లో బాగాలేదని చీటీ పంపాడు. ఆ తర్వాతి వాయిదాకూ రాలేదు. పార్కులో ఇంకా బండ్లు నిలిపే చోటే ఉన్నాడని, అద్దాలు సరి అయినా పై మెట్లెక్కే ధైర్యం మళ్ళీ రాలేదని ఒక పాత ఆపరేటరు చెప్పాడు.

పని పోయిన రోజే లీలావతికి అంతా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె అన్నం గిన్నె పక్కకు జరిపి, దగ్గరికి వచ్చి కూర్చుంది.

"బావమరిది చెయ్యి పట్టుకోని మెట్లెక్కినాడా? మొగం ఎట్లుండింది?"

అతను చెప్పాడు. కళ్ళ కింద నలుపు, కాలితో తడుముకోవడం, పై మెట్ల మీద వాంతి, ఎవడో నవ్వడం. లీలావతి ఒక్క మాటా వదలకుండా విన్నది. వాంతి సంగతి ఇంకొకసారి చెప్పమంది. చెప్పాడు. ఆమె కళ్ళు మెరిశాయి. స్టేషను గోడకు ఆనుకుని నిలబడిన రోజు తర్వాత ఆమె ముఖంలో ఆ మెరుపు చూడడం అదే మొదలు.

తర్వాత గిన్నె మీద మూత పెడుతూ అడిగింది.

"మరి ముసలాయనకు ఎవురుండారు, పని చేసి పెట్టేదానికి?"

మునిశేఖర్ లేచి వెళ్ళి కంచం కడిగాడు.